ఒక సెల్‌ఫోన్ ప్రకటనకు ప్రతిపదార్థం

తమ్ముళ్ళూ,

వార్షికోత్సవ సంచికకు పాఠంలాంటిది ఏదైనా రాయమని కోరారు. మేము గిద్దలూరు హాస్టల్‌లో ఉన్న రోజుల్లో తెలుగు మాస్టారు పద్యానికి ప్రతిపదార్థం చెప్పించేవారు. ఒక్క పదం వదిలినా మళ్ళీ మొదటికి రావలసిందే. ఆ పద్ధతిలోనే సెల్‌ఫోన్ ప్రకటనను చదివి చూద్దామని మా ఆలోచన.

ముందుగా ఒక సంగతి. 2009 ప్రాంతంలో మాతో చదివిన ఒక మిత్రుని తండ్రి మార్కాపురం దగ్గర పలకల గనిలో కూలి. ప్రతి ఆదివారం సాయంత్రం హాస్టల్ ఎదుటి కొట్టు ఫోనుకు చేసి కొడుకుతో మాట్లాడేవారు. రెండు ఆదివారాలు ఫోను రాలేదు. మూడో వారం ఆయనే పని మానుకొని రైలెక్కి వచ్చారు. "50 రూపాయలు వేయించినా నిలవడం లేదు నాయనా, ఫోను చెడిపోయిందేమో చూడు" అన్నారు. ఫోను బాగానే ఉంది. కాలర్ ట్యూన్ పేరుతో నెలకు 30 రూపాయలు, పాటకు వేరే డబ్బు పోతున్నాయి. సంక్రాంతి సెలవుల్లో ఆ ఫోను నుంచి బంధువులకు చేస్తూ స్టార్ నొక్కింది మా మిత్రుడే. ఆ సంగతి మాకు తెలుసు. అయినా ఆయన ముందు ఎవరమూ నోరు విప్పలేదు. ఆయనకు ఆ రోజు కూలి, రైలు ఖర్చు రెండూ పోయాయి.

ఇప్పుడు పాఠం. "ఈ పాటను మీ కాలర్ ట్యూన్‌గా పెట్టుకోవడానికి స్టార్ నొక్కండి." ఇందులో క్రియ ఏది? పెట్టుకోవడం. కొనడం కాదు. 'కొనండి' అని ఉంటే పదో తరగతి పిల్లవాడైనా ధర ఎంత అని అడుగుతాడు. "పాట ఉచితం" అంటే పాట మాత్రమే ఉచితం, నెల అద్దె వేరు. "మొదటి 7 రోజులు ఉచితం" అన్నప్పుడు అర్థమంతా ఎనిమిదో రోజులో ఉంది, ఆ రోజు గురించి వాక్యంలో ఏమీ లేదు. "కొనసాగించు" అనే బొమ్మ నొక్కితే తరువాతి పేజీ వస్తుందనుకుంటాము. అక్కడ దాని అర్థం 'నాకు సమ్మతమే' అని.

ఈ మాటలు రాసేది చాలాసార్లు పాట అమ్మే కంపెనీ కూడా కాదు. మధ్యలో ప్రకటనలు వేసేవారు ఉంటారు. ఒక నంబరు చేరితే ఇంత అని వారికి కమీషను. పశువుల సంతలో దళారిని చూశారు కదా, ఎద్దు దుక్కికి వచ్చినా రాకపోయినా అతని రూపాయి అతనికి ముడుతుంది. ఇక్కడా అంతే. గట్టిగా అడిగితే కంపెనీ "ఆ మాటలు మావి కావు" అంటుంది. ఇంకొక కిటుకు కూడా ఉండేది. మొబైల్ డేటాతో ప్రకటన తెరిస్తే మీ నంబరు నెట్‌వర్క్ నుంచే వారికి అందేది. నంబరు అడగకుండా, కార్డు అడగకుండా, ఒక్క నొక్కుతో బ్యాలెన్సు కోసేవారు.

నిబంధనలు లేక కాదు. వినియోగదారుని స్పష్టమైన అంగీకారం లేకుండా డబ్బు పడే సేవ ఇవ్వరాదని ట్రాయ్ 2005 మే 3న ఆదేశించింది. అయినా ఆగలేదు. 2013 జూలై 10న, ధర చెప్పి రెండోసారి కూడా అంగీకారం తీసుకోవాలని మరో ఆదేశం ఇచ్చింది.

మాకు అన్నిటికంటే నచ్చినది 2022 జూన్ 9న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు. ప్రకటనలో ప్రధానమైన మాట ఏ భాషలో ఉందో షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి, అక్షరాలు కూడా అవే ఉండాలి. మన ప్రాంతంలో చూసిన ప్రకటనలు గుర్తు చేసుకోండి. 'ఉచితం' అరచేయంత తెలుగులో ఉంటుంది. ధర మాత్రం చీమ తలకాయంత ఇంగ్లీషులో, పక్కన ఒక చుక్క గుర్తుతో! తెలుగు మీడియం చదివిన మాబోటివారిని పెద్ద అక్షరంతో పిలిచి, చిన్న అక్షరంతో బయట నిలబెట్టడం అది.

కాలర్ ట్యూన్ల జోరు తగ్గినా ఆ వాక్యం చావలేదు. "1 రూపాయికే 7 రోజులు" అనే యాప్‌లో ఆ రూపాయి కట్టేటప్పుడే యూపీఐ ఆటోపేకు ఒప్పుకున్నట్లవుతుంది. ఎనిమిదో రోజు వందల్లో పోతుంది. ఇటువంటి చందా ఉచ్చును 2023 నవంబరు 30న వచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి. ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల ఫోనులో ఆటోపే తెరిచి చూడండి, అక్కరలేనిది అక్కడే రద్దు చేయవచ్చు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మా మిత్రుడు ఆనాటి సంగతి తండ్రికి చెప్పింది ఉద్యోగం వచ్చాకే. ఆయన కోప్పడలేదట. "ఇంతకీ ఏం పాటరా అది?" అని అడిగారట. పాట వీడికి గుర్తు లేదు.