సముద్రగర్భమున ఒక ముహూర్తము

ఓరుగల్లు ప్రాంతమువారికి సముద్రము దూరము. అయినను సముద్రమను మాట వారికి క్రొత్తది కాదు. కాకతీయుల కాలమున వెలసిన గొప్ప చెరువులలో కొన్నిటికి మన పెద్దలు సముద్రములనియే పేరు పెట్టుకొనిరి. గణపసముద్రము అట్టిదే. పాకాల, రామప్ప, లక్నవరము చెరువుల గట్టున నిలిచి చూచినచో ఆ పేరు అతిశయోక్తి కాదని తోచును. లక్నవరము చెరువును కట్టినవారు కొండల నడుమనున్న ఇరుకు లోయలకు అడ్డముగా చిన్న కట్టలు వేసి నీటిని నిలిపిరి. నీరు నిండగా నడుమనున్న గుట్టల శిఖరములు దీవులైనవి. ఇప్పుడు ఆ దీవులకు వ్రేలాడు వంతెనలు కలవు. 2024వ సంవత్సరమున మరియొక దీవిపై యాత్రికులకు విడిదులు కూడ వెలసినవి. సెలవు దినములలో వరంగల్లు, హనుమకొండల నుండి కుటుంబములు అక్కడికి పోయి, వంతెన ఊగినప్పుడు పిల్లలు కేకలు వేయగా నవ్వుకొని, సాయంకాలమునకు ఇల్లు చేరుదురు.

ఉప్పునీటి సముద్రముతోను ఓరుగల్లునకు పూర్వసంబంధము లేకపోలేదు. కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవులో ఒక శాసనమును నిలిపెను. అంతకుముందు పెనుగాలికి చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు ఆ తీరమునేలు రాజులు బలిమిని లాగికొనెడివారు. ప్రాణముకన్న ధనమే మిన్నయని తలచి కడలిపైకి సాహసించి వచ్చిన వర్తకులయెడ దయ చూపవలెనని, నిర్ణయించిన సుంకము మాత్రమే తీసికొని మిగిలినది వారికి విడిచెదనని గణపతిదేవుడు అభయమిచ్చెను. సముద్రమునుండి దూరముగా కోటలో కూర్చుండి ఒక రాజు ఓడవారి గుండెలలోని భయమును గుర్తించుట మెచ్చదగిన విషయము.

ఆ కాలమున సముద్రముమీదికి పోవుట ప్రాణభయముతో కూడిన పని. నేడు దానిని వినోదముగా ఎంచి, సముద్రముమీదనే కాదు, సముద్రములోపలికి పోవువారు బయలుదేరినారు. మన దేశములో ఇందుకు పేరుపొందిన స్థలములు అండమాను దీవులు, లక్షద్వీపములు. తెలుగువారికి అండమాను చిరపరిచితము. హైదరాబాదు నుండి విమానము ఎక్కినచో రెండు గంటలకు పైగా పట్టును. విశాఖపట్టణము నుండి అప్పుడప్పుడు ఓడయు పోవును; ఓడలో రెండు దినములకు మించి ప్రయాణము.

అండమాను నికోబారులలో ద్వీపములు, తిప్పలు, నీటిపైకి తేలిన శిలలు అన్నియు కలిపి 836 అని లెక్క. మనుష్యులు కాపురమున్నవి వీనిలో నలుబదికి లోపే. ముఖ్యపట్టణమైన పోర్టుబ్లెయరునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చినారు. ఆ వీధులలో నడచువారికి తెలుగు మాట వినబడుట అరుదు కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వలస వచ్చిన జాలరి కుటుంబములు అక్కడ తరతరములుగా స్థిరపడినవి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవులలో నూటికి సుమారు పదుముగ్గురి మాతృభాష తెలుగు. యాత్రికుడు హోటలులో తినెడి చేపను పట్టి తెచ్చినవాడు తెలుగువాడే కావచ్చును.

శ్రీ విజయపురమునకు ఈశాన్యమున స్వరాజ్ ద్వీపము కలదు. 2018 డిసెంబరు వరకు దాని పేరు హేవ్‌లాక్. దేశవిభజన తరువాత తూర్పు బెంగాలునుండి నిరాశ్రయులై వచ్చినవారికి ప్రభుత్వము ఇచ్చట భూములిచ్చినది. వారు అడవి నరకి, వరి నాటి, పోకచెట్లు పెంచి, తమ పల్లెలకు గోవిందనగరము, రాధానగరము, శ్యామనగరము అని పేర్లు పెట్టుకొనిరి. ఆ రాధానగరపు ఇసుకతిన్నెను 2004లో టైమ్ అను అమెరికా పత్రిక ఆసియాలోకెల్ల ఉత్తమమైనదిగా కొనియాడగా, దాని కీర్తి లోకమంతట ప్రాకినది. ఇప్పుడు అక్కడ తాటాకు కప్పులవంటి కప్పులు వేసి, లోపల చల్లని గాలి యంత్రములు బిగించిన విలాసపు విడిదులు కలవు. ఒక రాత్రికి అచ్చట చెల్లించు పైకము మన పల్లెలలో ఒక కుటుంబమునకు నెల గడచుటకు చాలును. పైకి పూరిల్లు, లోపల రాజభవనము!

ఈ దీవిలో రాజన్ అను ఏనుగు ఉండెడిది. అండమాను అడవులలో దుంగలు లాగుటకై తెచ్చిన ఏనుగులలో అది యొకటి. దీవినుండి దీవికి పోవలసివచ్చినప్పుడు ఈ ఏనుగులు సముద్రములో ఈదుకొని పోయెడివి. 2002లో సర్వోన్నత న్యాయస్థానము అక్కడి చెట్ల నరకుడును చాలవరకు ఆపించుటతో రాజన్‌కు పని పోయినది. అటుపిమ్మట ఒక విడిదివారి సంరక్షణలో అది ముదిమి గడపినది. తొండము నీటిపైకెత్తి, నాలుగు కాళ్లు నీటిలో ఆడించుచు పోవు ఆ గజరాజును నీటి క్రిందినుండి చూచుటకు దేశదేశముల యాత్రికులు వచ్చిరి. 2016లో అది మరణించినది.

నీటి క్రింద అంతసేపు మనుష్యుడు ఎట్లు ఉండగలుగును? ముత్యములకొరకు మునుగువారు పూర్వము ఊపిరి బిగబట్టి మునిగి, ఒకటి రెండు నిమిషములలో తేలెడివారు. తరువాత ఇనుప టోపీ ధరించి, పడవపైనుండి గొట్టముద్వారా గాలి పంపించుకొని దిగుట వచ్చినది. ఆ గొట్టము కట్టుత్రాడువంటిది. దాని పొడవు దాటి పోరాదు. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్టో అను నావికోద్యోగియు గాన్యాన్ అను ఇంజనీరును కలిసి ఈ కట్టు తెంచిరి. యుద్ధమువలన పెట్రోలు దొరకక కార్లను వాయువుతో నడిపించుచున్న రోజులవి. ఆ కార్లకై గాన్యాన్ చేసిన వాయు కవాటమును మార్చి, మునుగువాడు పీల్చినప్పుడు మాత్రమే, పీల్చినంత గాలియే సీసానుండి వచ్చునట్లు చేసిరి. నేటి స్కూబా పరికరమునకు ఇదియే మూలము.

వీపునకు కట్టుకొను సీసా సాధారణముగా 12 లీటర్లది. అందులో గాలిని వాతావరణపు ఒత్తిడికి 200 రెట్లు ఒత్తి నింపుదురు. అనగా 2400 లీటర్ల గాలి. మనుష్యుడు నిమిషమునకు 20 లీటర్లు పీల్చుననుకొందము. గట్టుపై నిది రెండు గంటలు రావలెను. కాని నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు వాతావరణపు ఒత్తిడియంత ఒత్తిడి అదనముగా చేరును. 10 మీటర్ల క్రింద ఒత్తిడి రెండింతలు; పీల్చు గాలియు రెండింతలు చిక్కనై యుండును. కనుక ఆ సీసా ఒక గంటకే చెల్లును. ఆపదకై కొంత మిగుల్చుకొనవలెను గదా. అది తీసివేసినచో ఒక ముహూర్తము, అనగా 48 నిమిషములు, ఇంచుమించుగా మిగులును. భయపడి ఎగశ్వాస తీయువానికి అదియు మిగులదు.

దిగిన కొలదిసేపటికే చెవులు నొచ్చును. ముక్కు మూసి మెల్లగా ఊదినచో నొప్పి తగ్గును. తగ్గనిచో దిగరాదు. ఈ విద్యలో మొదటి ఆజ్ఞ వేరొకటి: ఎన్నడును ఊపిరి బిగబట్టరాదు. ఇది వినుటకు వింతగా నుండును. చెరువులో ఈత నేర్చిన ప్రతి బాలుడును నీటిలో ఊపిరి బిగబట్టుటయే నేర్చియుండును. 10 మీటర్ల లోతున నిండుగా గాలి పీల్చి, దానిని బిగబట్టి పైకి వచ్చినచో, ఒత్తిడి సగమగుటవలన ఆ గాలి రెండింతలుగా ఉబ్బజూచును. ఊపిరితిత్తులు రెండింతలు కాజాలవు, చినుగును. చెరువులో ప్రాణము కాపాడిన అలవాటే ఇక్కడ ప్రాణము తీయును.

పైకి తొందరగా వచ్చుటయు ప్రమాదమే. గోలీసోడా తాగనివారుండరు. గోలీ బిగిసియున్నంతసేపు సోడా మామూలు నీటివలెనే కనబడును. గోలీని లోనికి నొక్కగానే ఒత్తిడి తగ్గి, కరగియున్న వాయువు బుడగలై పొంగును. లోతున ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని ఇట్లే రక్తములో కరగును. చటుక్కున పైకి వచ్చినచో అది రక్తములోనే బుడగలు కట్టును. కీళ్లు నొచ్చును, కాళ్లు పడిపోవచ్చును, మరణము కూడ సంభవించును. ఇంగ్లండులో హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు మేకలను ఒత్తిడి గదులలో ఉంచి పరీక్షలు చేసి, ఎంత లోతునుండి ఎన్ని మజిలీలతో రావలెనో 1908లో పట్టికలు ప్రకటించెను. నేటి మునకగాండ్రు మెల్లగా తేలుచు 5 మీటర్ల లోతున మూడు నిమిషములు ఆగుదురు.

నీటిలో మాటలకు తావు లేదు. అన్నియు చేతి సైగలే. గట్టుపై బొటనవ్రేలు పైకెత్తినచో బాగున్నదని అర్థము. నీటిలో అదే సైగకు పైకి పోవలెనని అర్థము. చేపలను చూచి సంబరపడి బొటనవ్రేలు చూపిన క్రొత్తవానిని గురువు వెంటనే పైకి తీసికొనిపోవును! బాగున్నదనుటకు బొటనవ్రేలిని చూపుడువ్రేలితో సున్నవలె కలుపవలెను. వినోదమునకై ఒకసారి దిగువారిని ఇట్టి గురువు చేయి విడువక, 12 మీటర్లకు మించని లోతునకే తీసికొనిపోవుట పద్ధతి. పదేండ్లు నిండని పిల్లలను దింపరు. ఉబ్బసము, గుండెజబ్బు ఉన్నవారు దానిని దాచి సంతకము చేయుట తమ ప్రాణముతో తామే జూదమాడుట.

లోపల ఏమున్నది? మొదట ఎరుపు రంగు మాయమగును. ఎఱ్ఱని చేప బూడిదరంగున కనబడును. దీపము వేసినప్పుడే దాని నిజరూపము తెలియును. క్రింద పగడపు దిబ్బలు కలవు. కొమ్మలవంటివి, విసనకఱ్ఱలవంటివి, మెదడువలె ముడుతలు పడినవి. అవి రాళ్లు కావు, చెట్లును కావు. సన్నని జీవుల కాపురములు. తరతరములుగా ఆ జీవులు తమచుట్టు సున్నపుగూడు కట్టుకొనుచు పోగా దిబ్బ పెరుగును. బండవంటి పగడము ఏటికి ఒక సెంటిమీటరు పెరుగుట గొప్ప. చిలుకచేప తన ముక్కువంటి పండ్లతో పగడమును కొరికి, నమలి, ఇసుకగా విసర్జించును. రాధానగరమువంటి తెల్లని ఇసుకతిన్నెలలో కొంతభాగము ఈ చేపల ప్రసాదమే!

పగడపు జీవి తన దేహములో సూక్ష్మమైన నాచును పోషించును. నాచు ఎండతో ఆహారము వండిపెట్టును. పగడమునకు రంగును అదే ఇచ్చును. వేసవిలో సముద్రపు వేడి మామూలుకంటె ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో ఆ పొత్తు చెడి, పగడము నాచును వెళ్లగొట్టి తెల్లబారును. వేడి త్వరగా తగ్గినచో కోలుకొనును. లేనిచో ఆకలితో చచ్చును. అండమానులో 1998, 2010, 2016 సంవత్సరములలో ఇట్లు జరిగినది. ఈ వేడికి స్వరాజ్ ద్వీపపు జాలరి కారకుడు కాడు. దూరదేశముల పొగగొట్టములును, యాత్రికులను మోసికొనివచ్చిన విమానములును అందుకు బాధ్యత వహింపవలెను. దీనికితోడు ఈత రానివారు కాలు మోపి కొమ్మలు విరుతురు. నూరేండ్ల పెరుగుదల ఒక్క తన్నుతో పోవును. పగడపు ముక్కను, అది చచ్చినదే యైనను, సంచిలో పెట్టుకొని పోవుట మన వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము.

విడిదుల ముచ్చట ఇంకొకటి కలదు. అండమానులో ఏటికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురియును; వరంగల్లు వానకు అది మూడింతలు. అయినను ఎండకాలములో మంచినీటికి కటకట తప్పదు. చుట్టును నీరే, త్రాగుటకు చాలినంత లేదు. వాననీరు నిలువ జేయుటకు అక్కడ పాకాల లేదు, రామప్ప లేదు. యాత్రికుల రద్దీ, ఎండ ఒకే నెలలలో వచ్చును. ఈతకొలను నిండియున్న విడిది ప్రక్కనే కుండ నిండని ఇల్లు ఉండుట న్యాయమని ఎవరును అనలేరు. ఆ కొలనును సముద్రమునకు నూరు గజముల దూరములో కట్టుట మరియును విడ్డూరము.

నీట మునిగినవారు వెంటనే విమానమెక్కరాదు. మింట ఒత్తిడి తక్కువ. రక్తములో మిగిలిన నత్రజని అక్కడ పొంగవచ్చును. అందుచేత 18 గంటలైన ఆగుమని నియమము. ఆ ఆగిన దినమున అనేకులు శ్రీ విజయపురములోని సెల్యులర్ జైలును చూతురు. దాని నిర్మాణము 1896లో ఆరంభమై 1906లో ముగిసినది. 1922–24 సంవత్సరముల మన్యపు తిరుగుబాటులో పట్టుబడిన వీరులలో కొందరిని ఇదే సముద్రము దాటించి ఈ దీవులకు పంపిరి. వారికి సముద్రమే గోడ. జైలు నడిమి గోపురమునుండి చక్రపు ఆకులవలె ఏడు భాగములు సాగియుండెడివి. నేడు మూడు నిలిచియున్నవి.