నల్లని పొర కింద చేప తాజాగా ఉండాలి

చేప మంచి ఆహారమని మనందరికీ తెలుసు. అందులోని మాంసకృత్తులు సులభంగా అరుగుతాయి. పిల్లల ఎదుగుదలకు, శస్త్రచికిత్స తరువాత కోలుకునేవారికి, వృద్ధులకు అది మేలు చేస్తుంది. సముద్రపు చేపల్లో గుండెకు మేలుచేసే ఒమేగా-3 కొవ్వులు కూడా ఉంటాయి. అయితే చేప వల్ల మనకు మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్నది ఏ చేప కొన్నాము, ఎలా వండాము అన్న రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది.

ఈ పాఠంలో "బ్లాకెన్డ్ ఫిష్" అనే వంటకం గురించి తెలుసుకుందాం. ఇది అమెరికా వంటకం. హ్యూస్టన్, డాలస్ వంటి నగరాల్లో స్థిరపడిన మన పిల్లలు అక్కడ రుచి చూసి, సెలవులకు వచ్చినప్పుడు మసాలా డబ్బాతో సహా మన వంటింటికి తెస్తున్నారు. "మాడిన చేప తింటే ప్రమాదం కాదా? బి.పి. ఉన్నవాళ్ళు తినవచ్చా?" అని పెద్దలు అడగడం సహజమే. జాగ్రత్తలు పాటిస్తే చాలామంది అప్పుడప్పుడు తినవచ్చు. ఆ జాగ్రత్తలు పెనం మీద కాదు, చేపల బజారులోనే మొదలు కావాలి.

ఈ వంటకం ఎక్కడిది?

అమెరికాలో దక్షిణాన, గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరంలో లూసియానా రాష్ట్రం ఉంది. అక్కడ పుట్టి పెరిగిన పాల్ ప్రుధోమ్ అనే వంటగాడు 1979లో న్యూ ఓర్లీన్స్ నగరంలో హోటలు తెరిచాడు. కరిగించిన వెన్నలో చేపముక్కను ముంచి, పొడి మసాలా అద్ది, బాగా కాగిన ఇనుప పెనం మీద రెండు వైపులా కొద్ది నిమిషాలు వేయించి వడ్డించాడు. 1980ల్లో ఈ వంటకం అమెరికా అంతటా పేరు పొందింది. ప్రుధోమ్ 2015లో మరణించాడు.

ఆయన వాడినది ఆ తీరంలో దొరికే రెడ్‌ఫిష్ అనే చేప. వంటకానికి పేరు రావడంతో ఆ చేపకు గిరాకీ విపరీతంగా పెరిగింది. పెద్ద వలలతో విచక్షణ లేకుండా పట్టారు. చివరకు 1986లో అమెరికా ప్రభుత్వం కలుగజేసుకుని గల్ఫ్ జలాల్లో దాని వేటను అదుపు చేయవలసి వచ్చింది. ఆ తరువాత అక్కడివారు క్యాట్‌ఫిష్, స్నాపర్, తిలాపియా వంటి చేపలతో ఇదే వంటకం చేయడం అలవాటు చేసుకున్నారు. ఈ వంటకానికి ఒకే ఒక్క చేప అంటూ లేదని దీనివల్ల తెలుస్తుంది. కొన్ని లక్షణాలున్న చేప అయితే చాలు.

నలుపు ఎలా వస్తుంది?

ఇక్కడ నల్లబడేది చేప కండ కాదు. వెన్నలో కొవ్వుతోపాటు కొద్దిగా నీరు, పాలలోని ఘనపదార్థాలు ఉంటాయి. వేడి పెనం తగలగానే ఆ ఘనపదార్థాలు, మసాలా పొడి కలిసి ముదురు రంగు పొరగా మారతాయి. లోపలి కండ తెల్లగా, తేమగా మిగులుతుంది.

నెయ్యి కాచేటప్పుడు గిన్నె అడుగున గోధుమరంగు గసి మిగలడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ జరిగేదీ అదే. నెయ్యిలో ఆ గసి ఉండదు కాబట్టి నెయ్యితో చేస్తే రంగు కాస్త తక్కువ వస్తుంది, పొగ కూడా తక్కువే.

చేపనైనా మాంసాన్నైనా చాలా ఎక్కువ వేడి మీద బొగ్గులా మాడ్చినప్పుడు హానికరమైన రసాయనాలు కొన్ని తయారవుతాయి. వాటిలో కొన్ని ప్రయోగశాల జంతువులలో క్యాన్సర్ కలిగించాయి. కాబట్టి ఒక గుర్తు పెట్టుకోండి. వేయించిన కాఫీ గింజ రంగు వస్తే సరి. బొగ్గు రంగు వస్తే మితిమీరినట్లు. చేదు వాసన వస్తున్న భాగాన్ని గీకి పారవేయండి. ఈ వంటకం ఎప్పుడైనా ఒకసారి చేసుకునేదే గాని రోజువారీ కూర కాదు.

ఎలాంటి చేప ఎంచుకోవాలి?

మూడు లక్షణాలు చూడండి: గట్టి కండ, తక్కువ ముళ్ళు, సరైన మందం.

1. పండుగప్ప: ఈ వంటకానికి చాలా అనుకూలం. కండ గట్టిగా, తెల్లగా ఉంటుంది. ముల్లు తీసిన పలుచని పలకలుగా కోయించుకోవచ్చు. మన కోస్తా చెరువుల్లో కూడా దీనిని పెంచుతున్నారు.

2. కొరమీను: ముళ్ళు తక్కువ, కండ గట్టిది. తోలు తీయించి నడుమ ముల్లుకు రెండు వైపులా పలకలు కోయించండి.

3. వంజరం: అడ్డంగా కోసిన ముక్కలు బాగుంటాయి. నడుమ ఒకే పెద్ద ముల్లు ఉంటుంది కాబట్టి తీయడం సులువు.

4. తిలాపియా, పంగస్: ధర తక్కువ, ముళ్ళు తక్కువ. అయితే పంగస్ కండ మెత్తన, నీరు ఎక్కువ. బాగా తుడిచి, పెనం మీద ఒక్కసారే తిప్పాలి.

బొచ్చె, శీలావతి చేపలు మనకు ఎంతో ఇష్టమైనవే. కాని వాటి కండలో చీలిన సన్నని ముళ్ళు చాలా ఉంటాయి. పులుసులో అయితే వేళ్ళతో వెదికి తీసుకుంటూ తింటాము. నల్లని పొర కింద అవి కంటికి కనబడవు. పిల్లలకు, పళ్ళులేని పెద్దలకు ఇది ప్రమాదం. ఆ చేపలను పులుసుకే ఉంచండి. నెత్తళ్ళ వంటి చిన్న చేపలు ఈ వేడికి ఎండి ముక్కలైపోతాయి.

ముక్క మందం ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటే చాలు. రెండు సెంటీమీటర్లు దాటితే పైన మాడుతుంది, లోపల పచ్చిగా మిగులుతుంది.

తాజాదనం: అన్నిటికంటె ముఖ్యం

ఘాటైన మసాలా పాత చేప వాసనను కప్పివేస్తుంది. కప్పగలదు గాని బాగు చేయలేదు. కనుక ముక్కకు మసాలా అద్దకముందే దాన్ని పరీక్షించాలి.

* కళ్ళు ఉబ్బి మెరుస్తూ ఉండాలి. లోతుకు పోయి మసకబారితే వద్దు.
* మొప్పలు ఎర్రగా ఉండాలి. గోధుమరంగులో జిగురుగా ఉంటే వద్దు.
* వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి.
* పొట్ట గట్టిగా ఉండాలి, చిట్లి ఉండకూడదు.
* ముక్కలుగా కొంటే అంచులు ఎండి పసుపుబారకూడదు, కండ విడివిడిగా చీలి ఉండకూడదు.
* ఘాటైన అమ్మోనియా వాసన వస్తే ఎంత చవకైనా తీసుకోవద్దు.

కనగడతలు, సూర చేపల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వీటిని ఐసులో పెట్టకుండా వేడిలో ఉంచితే సూక్ష్మజీవుల వల్ల కండలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఎంత వేడి మీద వండినా అది పోదు. అలాంటి చేప తిన్న కొద్ది నిమిషాల నుంచి కొన్ని గంటలలోపు ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద, గుండెదడ, వాంతులు రావచ్చు. నాలుక మీద మిరియపు మంటలా అనిపించడం దీని లక్షణాలలో ఒకటి. కారంగా ఉన్న చేపలో ఈ హెచ్చరిక కూడా తెలియకుండా పోతుంది. ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆసుపత్రికి రండి. ఏ చేప తిన్నారో, ఎప్పుడు తిన్నారో చెప్పండి.

చేపను బజారులో అన్నిటికన్నా చివర కొనండి. ఐసుతో ఇంటికి తెచ్చి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. గడ్డకట్టిన చేపను వంటింటి గట్టు మీద కాక, రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచి కరగనివ్వండి.

వండే విధానం (నలుగురికి)

ముల్లు తీసిన చేపముక్కలు 4, ఒక్కొక్కటి సుమారు 125 గ్రాములు. ఉప్పులేని వెన్న 2 టేబుల్ స్పూన్లు. కాశ్మీరీ మిరప్పొడి 2 టీస్పూన్లు. ఉల్లిపొడి, వెల్లుల్లిపొడి ఒక్కొక్కటి 1 టీస్పూను. మిరియాలపొడి అర టీస్పూను. మామూలు కారం పావు టీస్పూను. ఉప్పు అర టీస్పూను. అక్కడివారు థైమ్, ఒరెగానో అనే ఎండు ఆకులు వేస్తారు. అవి దొరకకపోతే చిటికెడు వాము నలిపి వేయండి. థైమ్‌కు, వాముకు వాసననిచ్చే పదార్థం ఒకటే, థైమాల్.

1. పొడులన్నీ కలపండి. అల్లం వెల్లుల్లి ముద్ద వేయకూడదు. తడి ముద్ద పెనానికి అంటుకుని మాడుతుంది, పొర ఏర్పడదు. మన వేపుడులాగా మసాలాలో నానబెట్టే పని కూడా లేదు.

2. ముక్కలు కడిగి శుభ్రమైన గుడ్డతో పూర్తిగా తడి తుడవండి. తడి ఉంటే చేప వేగదు, ఉడుకుతుంది.

3. మందపాటి ఇనుప పెనాన్ని మధ్యస్థ మంట మీద 5 నిమిషాలు కాచండి. నీటిచుక్క వేస్తే చిందులు వేసి ఆరిపోవాలి. నాన్‌స్టిక్ పెనం వాడవద్దు. బాగా కాగితే దాని పూత విరిగి హానికరమైన ఆవిరి వస్తుంది.

4. ముక్కను కరిగిన వెన్నలో ముంచి, రెండు వైపులా మసాలా అద్ది వెంటనే పెనం మీద పెట్టండి. రెండు మూడు నిమిషాలు కదపవద్దు. ఒక్కసారి తిప్పి మరో రెండు నిమిషాలు ఉంచండి.

5. మందమైన చోట ఫోర్కుతో విడదీసి చూడండి. కండ గాజులా కాక తెల్లగా మారి పొరలుగా విడిపోవాలి. ఇంకా పచ్చిగా ఉంటే మంట తగ్గించి మూత పెట్టి ఒక నిమిషం ఉంచండి.

6. నిమ్మరసం తినేముందు పిండుకోండి. పచ్చి చేప పెట్టిన పళ్ళెంలో వండిన చేపను పెట్టవద్దు.

పొగ, మంట, కాలిన గాయాలు

న్యూ ఓర్లీన్స్ పద్ధతిలో పెనాన్ని పొగలు పోయేదాకా కాస్తారు. అందుకే అక్కడ ఇళ్ళలో దీనిని తరచు ఆరుబయట వండుతారు. మన చిన్న వంటిళ్ళకు పైన చెప్పిన మధ్యస్థ మంట చాలు. కిటికీలు తెరవండి, ఫ్యాను వేయండి. కారం పొగ ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెప్పిస్తుంది. వారిని, పసిపిల్లలను వంట అయ్యేవరకు బయట కూర్చోబెట్టండి.

పెనంలోని వెన్న అంటుకుంటే నీళ్ళు పోయవద్దు. గ్యాసు కట్టేసి లోహపు మూత పెట్టండి. చెయ్యి కాలితే కుళాయి కింద మామూలు నీటిధారలో 20 నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, వెన్న, ఐసు ఏవీ పెట్టవద్దు. బొబ్బలు చిదమవద్దు. కాలిన చోటు అరచేయంత ఉన్నా, ముఖం మీద ఉన్నా ఆసుపత్రికి రండి.

ఎవరు జాగ్రత్తపడాలి?

బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు: రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కొని తెచ్చిన డబ్బా మసాలాల్లో చాలావాటికి ఉప్పు ఎక్కువ. చీటీ చదవండి. పదార్థాల పట్టికలో ఉప్పు మొదటి పేరుగా ఉంటే, అన్నిటికంటె అదే ఎక్కువ ఉన్నట్లు. ఇంట్లో కలుపుకుంటే ఉప్పు మీ చేతిలో ఉంటుంది. పక్కన ఊరగాయ, అప్పడం వద్దు.

గర్భిణులు: పెద్ద వేట చేపల్లో పాదరసం ఎక్కువ చేరుతుంది. వంజరానికి దగ్గరి జాతి అయిన కింగ్ మాకెరల్‌ను, సొరను తినవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ గర్భిణులకు సూచించింది. కాబట్టి సొర, పెద్ద వంజరం మానుకుని తిలాపియా వంటి చిన్న చేపలు, బాగా ఉడికినవి తినండి.

కడుపులో పుండు, మంట ఉన్నవారు, ఆపరేషన్ అయి కొద్దిరోజులే అయినవారు: కారం లేకుండా ఆవిరి మీద ఉడికించిన చేప మేలు.

చేప పడనివారు: ఏ విధంగా వండినా తినకూడదు.

ముల్లు గుచ్చుకుంటే

గొంతులో ముల్లు దిగితే అన్నం ముద్దలు, అరటిపండు మింగించడం మన ఇళ్ళలో అలవాటు. అలా చేస్తే ముల్లు ఇంకా లోతుకు దిగవచ్చు. వేలు పెట్టి కెలకవద్దు. మింగడం కష్టమైనా, రక్తం పడినా, నొప్పి తగ్గకపోయినా ఆసుపత్రికి రండి. ఊపిరి అందకపోతే క్షణం ఆలస్యం చేయవద్దు.

గుర్తుంచుకోవలసినవి

* ముందు కళ్ళు, మొప్పలు చూడండి. మసాలా సంగతి తరువాత.
* గట్టి కండ, తక్కువ ముళ్ళు, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం.
* ఇనుప పెనం, పొడి చేప, తెరిచిన కిటికీ.
* కాఫీ గింజ రంగు చాలు. బొగ్గు రంగు వద్దు.
* ఉప్పు కొలిచి వేయండి.

ఈ కాగితాన్ని చదివి పక్కన పెట్టకుండా, ఇంట్లో చేపలు కొనితెచ్చేవారికి చదివి వినిపించండి. చేప మంచిదా కాదా అన్నది తేలేది వారి చేతుల్లోనే.