బంపర్ మీద పురుగుల మరకలు: గీత పడకుండా వదిలించే చిట్కాలు

తొలకరి పడిన రాత్రి హైవే మీద బండి నడిపితే, ఇంటికొచ్చేసరికి బంపరూ బానెట్టూ ఉసిళ్ల రెక్కలతో నిండిపోతాయి. వరి ఈనే రోజుల్లో చీకటి పడ్డాక కోదాడ, మిర్యాలగూడ వైపో, ఏలూరు, తణుకు వైపో వెళ్తే సుడిదోమ, పచ్చదోమ హెడ్‌లైట్లకు ముసురుకుంటాయి. మర్నాడు ఎండ తగిలాక అవన్నీ పెయింటును పట్టేస్తాయి. అప్పుడు చాలామంది చేతికి దొరికిన గుడ్డ తీసుకుని గట్టిగా రుద్దేస్తారు. మరక పోతుంది. దాని చోట సన్నటి గీతలు మిగులుతాయి, వాటిని తీయించాలంటే పాలిష్ షాపుకు వెళ్లాల్సిందే.

కారు రంగు పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది. చాలా బండ్లలో దాని మందం 40–50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో దాదాపు ఇరవయ్యో వంతు. బండికి మెరుపునిచ్చేదీ, ఎండ నుంచి రంగును కాపాడేదీ అదే. మనం కాపాడుకోవాల్సింది ఆ కాస్త పూతనే.

1. ఆ రాత్రే నీళ్లు కొట్టండి. పురుగు ఒంట్లో ఉండే మాంసకృత్తులు వేడికి పెనం మీద గుడ్డు తెల్లసొనలా గట్టిపడతాయి. పైగా పురుగులు కుళ్లేకొద్దీ ఆమ్ల గుణం పెరిగి క్లియర్ కోట్‌ను తినేస్తాయి. అలసిపోయి వచ్చినా సరే, పైపుతో రెండు నిమిషాలు ముందు భాగం తడపండి. మిగతా పని తెల్లారి చేసుకోవచ్చు, కానీ ఎండ ఎక్కకముందే చేయాలి. ఫ్లోరిడా, టెక్సస్ తీరాల్లో ఉండే మనవాళ్లకు ఈ తొందర ఇంకా ఎక్కువ. అక్కడ మే, సెప్టెంబరు నెలల్లో వచ్చే లవ్‌బగ్‌లు పట్టపగలే గుంపులుగా ఎగురుతాయి. బండికి తగిలిన కాసేపటికే ఎండిపోతాయి.

2. కడిగేది నీడలోనే. బానెట్ మీద అరచేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఆగండి. వేడి రేకు మీద షాంపూ ఎండిపోయి కొత్త మరకలు కడుతుంది.

3. నానబెట్టడమే అసలు పని. ఇక్కడ ఓపిక పడితే తర్వాత బలం వాడే అవసరమే రాదు. ముందుగా పైపుతో పై నుంచి కిందికి నీళ్లు పోసి దుమ్ము, ఇసుక పోనివ్వండి. ఈ మెట్టు వదిలేస్తే, తర్వాత గుడ్డ కింద ఆ ఇసుకే నలిగి గీతలు పెడుతుంది. ఆ తర్వాత ఒక టర్కీ టవల్‌ను గోరువెచ్చటి నీళ్లలో, కొద్దిగా కారు షాంపూ కలిపి, ముంచండి. పిండకుండా అలాగే మరకల మీద పరచండి. బంపర్ నిటారుగా ఉంటుంది కాబట్టి టవల్ జారిపోతుంది. అక్కడ తడిపిన కిచెన్ పేపర్ అతికిస్తే చక్కగా నిలుస్తుంది. న్యూస్‌పేపర్ మాత్రం వద్దు, సిరా అంటుకోవచ్చు. పది, పదిహేను నిమిషాలు ఉంచండి. మధ్యలో ఆరిపోతుంటే మళ్లీ నీళ్లు చల్లండి. తీసేటప్పుడు పక్కకు లాగకుండా నేరుగా పైకి ఎత్తండి. ఇంకా గట్టిగా ఉన్నచోట మరోసారి పరచండి. రెండో విడతకు చాలావరకు వేలు తగిలితేనే జారిపోతాయి.

4. పాత బనియన్లు, చీర ముక్కలు ఈ పనికి వద్దు. కుట్టుపోగు తగిలినా గీతే. మెత్తటి మైక్రోఫైబర్ బట్ట కొనండి. నాలుగు మడతలు వేస్తే ఎనిమిది శుభ్రమైన ముఖాలు దొరుకుతాయి. ఒక ముఖం మురికి కాగానే రెండోది తిప్పాలి. బట్ట కింద పడితే ఆ రోజుకు దాన్ని పక్కన పెట్టేయండి, దులిపినా ఇసుక పోదు. ఉతికేటప్పుడు నూలు బట్టలతో కలపకండి, వాటి నూగు దీనికి పట్టుకుంటుంది. సువాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ కూడా వేయకండి. దానివల్ల పోగులు నీటిని పీల్చే గుణం పోతుంది.

5. బకెట్లు రెండు ఉండాలి. ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో మామూలు నీళ్లు. బట్టను ముందు మామూలు నీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే బండ్లు తుడిచే వాళ్లకు సాధారణంగా ఒకే బకెట్, ఒకే గుడ్డ ఉంటాయి. వరసగా అన్ని బండ్ల దుమ్మూ అందులోనే చేరుతుంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు, మనం ఇచ్చిన సామానే అంత. మీ బండికి రెండు బట్టలు, ఒక బకెట్ మీరే కొనివ్వండి. పురుగులున్న రోజు ముందు భాగాన్ని పొడి గుడ్డతో ముట్టుకోవద్దని చెప్పండి.

6. నానిన పురుగును బట్టతో కాసేపు అదిమి, పైకి ఎత్తేయండి. మిగిలినదాన్ని ఒకే దిశలో, బరువు పెట్టకుండా తుడవండి. గుండ్రంగా తిప్పకండి. ఎండలో సాలెగూడులా కనిపించే గీతలు చాలావరకు తప్పుగా తుడవడం వల్ల పడినవే.

7. బగ్ రిమూవర్ కొంటే డబ్బా మీద రాసిన సమయం దాటనివ్వకండి. పెయింట్ మీద అది ఆరిపోకూడదు. మొదటిసారి బంపర్ అడుగున, కనపడని చోట కొద్దిగా చల్లి చూసుకోండి. పని కాగానే ధారాళంగా నీళ్లు పోయండి.

8. వీటిని బండి దగ్గరికి రానివ్వకండి: కొబ్బరి పీచు, గిన్నెలు తోమే స్క్రబ్బర్ (పచ్చదైనా స్టీలుదైనా), బ్లేడు, గోరు, టూత్‌పేస్ట్, వంటసోడా, తెల్లటి మెలమైన్ స్పాంజి. పేస్టులోనూ సోడాలోనూ ఉండే సన్నటి రేణువులు క్లియర్ కోట్‌ను అరగదీస్తాయి. మెలమైన్ స్పాంజి చేతికి మెత్తగా ఉన్నా చేసే పని సాండ్‌పేపర్‌దే. నిమ్మరసం, వెనిగర్ వద్దు, పురుగుల ఆమ్లం చేసే నష్టమే చాలు. పెట్రోలు, థిన్నర్ పేరు కూడా ఎత్తవద్దు. గిన్నెల సబ్బు నీళ్లు అత్యవసరానికి ఒకసారి వాడితే పెయింట్ పాడైపోదు గానీ, పైనున్న వాక్స్‌ను కడిగేస్తుంది.

9. ప్రెషర్ వాషర్‌ను కనీసం అడుగు దూరంలో పట్టాలి. పెయింట్ పెచ్చు లేచిన చోట, పీపీఎఫ్ (పెయింట్ మీద అతికించే రక్షణ ఫిల్మ్) అంచుల మీద నేరుగా కొట్టకూడదు. గ్రిల్ వెనక రేడియేటర్ రెక్కలు చాలా పలచనివి, జోరుకు వంగిపోతాయి. అక్కడ మామూలు పైపు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. ఆ సందుల్లో పురుగులు పేరుకుంటే గాలి సరిగా ఆడదు, ఇంజను చల్లబడడం తగ్గుతుంది. పొలాల మధ్య తరచూ తిరిగేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

10. ముందు అద్దం మీద పొడిగా వైపర్ వేయకండి. రాత్రిపూట పురుగుల జిడ్డు అద్దమంతా పరచుకుని ఎదురు బండి లైటుకు కళ్లు బైర్లు కమ్ముతాయి. ఇది అందం సంగతి కాదు, ప్రాణాల సంగతి. బండి ఆపి, నీళ్లతో కడిగాకే బయల్దేరండి. వైపర్ రబ్బరు అంచును కూడా తడి బట్టతో తుడవండి. ఇప్పటి హెడ్‌లైట్లకు ఉండేది గాజు కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్. థిన్నర్ తగిలితే మసకబారిపోతుంది.

11. కడిగాక బండిని దానంతట అదే ఆరనివ్వకండి. బోరు నీళ్లయితే తెల్ల చుక్కలు కడతాయి. పొడి మైక్రోఫైబర్‌తో వెంటనే అద్దేయండి.

12. చేతిని పలచటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, కడిగి ఆరబెట్టిన బానెట్ మీద తేలిగ్గా నిమరండి. ఉత్త వేళ్లకు తెలియని గరుకు కూడా అలా తెలుస్తుంది. గరుకు ఉంటే క్లే బార్ (పూతకు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) వాడవచ్చు. దాని కింద ఎప్పుడూ షాంపూ నీళ్లో, దానికోసం అమ్మే ద్రవమో ఉండాలి. కింద పడిన క్లే ముక్కను మళ్లీ వాడకూడదు. మ్యాట్ ఫినిష్ బండ్లకు క్లే, వాక్స్, పాలిష్ ఏవీ వద్దు.

13. నునుపుగా ఉన్నా పురుగు ఆకారంలో మచ్చ కనపడుతోందంటే, ఆమ్లం పూతలోకి దిగిందన్నమాట. ఇక ఎంత కడిగినా పోదు. పాలిష్ చేయిస్తే పోవచ్చు గానీ, ప్రతి పాలిష్‌కూ క్లియర్ కోట్ కొంత తరుగుతుంది. అందుకే మచ్చ పడిన చోటు వరకే చేయమనండి, బండి మొత్తానికి ఒప్పుకోకండి.

14. వానాకాలం మొదలయ్యేలోపే బండి ముందు భాగానికి వాక్స్ వేసి ఉంచండి. నీళ్లు పోసినప్పుడు చుక్కలుగా విడిపోకుండా పరచుకుపోతుంటే అది అరిగిపోయిందని గుర్తు. సెరామిక్ కోటింగ్ ఉన్న బండికి పురుగులు తేలిగ్గా వదులుతాయి, కానీ రోజుల తరబడి వదిలేస్తే దానిమీదా మచ్చలు పడతాయి. కొత్తగా పెయింట్ వేయించిన బండికైతే వాక్స్ ఎప్పుడు వేయాలో పెయింట్ షాపులో అడిగి వేయండి.

15. దూరప్రయాణాలు చేసేవాళ్లు డిక్కీలో ఒక స్ప్రే బాటిల్‌లో నీళ్లు, కొద్దిగా షాంపూ, రెండు మైక్రోఫైబర్ బట్టలు జిప్ కవర్‌లో పెట్టుకోండి. టీకి ఆగినప్పుడు బంపర్ మీద చల్లి వదిలేసి, టీ తాగి వచ్చి, తడి ఆరకముందే అద్దేయండి. పెట్రోలు బంకులో ఎవరైనా పొడి గుడ్డ పట్టుకుని బానెట్ తుడవబోతే, వద్దని మర్యాదగా చెప్పండి.