కంప్యూటరు అంతర్భాగాలు – క్షేత్ర సమాచార భద్రత

వ్యవసాయ పరిశోధనా స్థానాలలోను, కృషి విజ్ఞాన కేంద్రాలలోను దిగుబడి వివరాలు, వర్షపాత నమోదులు, భూసార పరీక్షా ఫలితాలు నేడు ఎక్కువగా కంప్యూటరులోనే భద్రపరుస్తున్నారు. కోత పూర్తయిన మడిలో పిలకల సంఖ్యను మరల లెక్కించడం వీలుకాదు. కావున సేకరించిన కొలతలు యంత్రంలోని ఏ భాగంలో, ఏ స్థితిలో నిలిచి ఉంటాయో విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు గ్రహించడం అవసరం.

మదర్‌బోర్డు, ప్రాసెసరు: అన్ని భాగాలను కలిపే ప్రధాన ఫలకం మదర్‌బోర్డు. దానిపై అమరిన ప్రాసెసరు గణనలను నిర్వహిస్తుంది. అది పనిచేసేటప్పుడు వెలువడే వేడిని హీట్‌సింకు, ఫ్యాను తొలగిస్తాయి. నూర్పిళ్ల కాలంలో ఎగిరే దుమ్ము వీటిలో పేరుకుంటే వేడి బయటకు పోదు. అప్పుడు ప్రాసెసరు తన వేగాన్ని తగ్గించుకుంటుంది. వేడి మరీ పెరిగితే యంత్రం ఆగిపోతుంది.

ర్యామ్: ఇది తాత్కాలిక స్మృతి. తెరపై కనిపిస్తున్న పట్టిక మొదట ఇందులోనే ఉంటుంది. విద్యుత్ ఆగిన వెంటనే ఇందులోని సమాచారం చెరిగిపోతుంది. నమోదు చేసిన అంకెలను 'సేవ్' చేసినప్పుడే అవి శాశ్వత స్మృతికి చేరుతాయి.

హార్డ్ డిస్కు, ఎస్.ఎస్.డి.: ఇవి శాశ్వత స్మృతి సాధనాలు. హార్డ్ డిస్కులో అయస్కాంత పూత గల పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. కావున పనిచేస్తున్న సమయంలో కుదుపు తగిలితే నష్టం కలుగుతుంది. ఎస్.ఎస్.డి.లో కదిలే భాగాలు లేవు, వేగం ఎక్కువ. అయినప్పటికీ రెండూ ముందస్తు సూచన లేకుండానే విఫలం కావచ్చు.

ఎస్.ఎం.పి.ఎస్.: 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి భాగాలకు అందిస్తుంది. సరఫరా ఆగినప్పుడు దీనికి యు.పి.ఎస్. కొన్ని నిమిషాల ఆసరా ఇస్తుంది. ఆ వ్యవధి పని కొనసాగించడానికి కాక, సమాచారాన్ని భద్రపరచి యంత్రాన్ని క్రమపద్ధతిలో ఆపడానికి ఉద్దేశించినది.

గుండీ బ్యాటరీ: మదర్‌బోర్డుపై ఉండే 3 వోల్టుల సి.ఆర్.2032 బ్యాటరీ, యంత్రం ఆగి ఉన్నప్పుడు గడియారాన్ని నడుపుతుంది. ఇది క్షీణిస్తే తేదీ వెనుకకు పోతుంది. అంతర్జాల సంబంధం లేని యంత్రంలో ఈ లోపం వెంటనే బయటపడదు. వాతావరణ నమోదులు తప్పు తేదీలతో చేరుతాయి. అంకె సరైనదైనా తేదీ తప్పితే ఆ నమోదు విశ్లేషణకు పనికిరాదు. చవకైన ఈ బ్యాటరీని సకాలంలో మార్చడం మేలు.

జాగ్రత్తలు: పెట్టెను తెరిచే ముందు విద్యుత్ తీగను తొలగించాలి. పెట్టె లోహభాగాన్ని తాకి శరీరంలోని స్థిర విద్యుత్తును పోగొట్టుకోవాలి. ర్యామ్ పలకను అంచులతో మాత్రమే పట్టుకోవాలి. ప్రతిదినం నమోదులు ముగిసిన పిదప ఒక ప్రతిని వేరొక సాధనంలోకి చేర్చి, వేరొక గదిలో ఉంచాలి. చెడిన భాగాన్ని కొని మార్చవచ్చు; గడచిన పంటకాలాన్ని తిరిగి తెచ్చుకోవడం మాత్రం సాధ్యం కాదు.