రేడియోలో 43, థర్మామీటర్‌లో 102: ఏది ఎక్కువ వేడి?



మే నెలలో మన ధరూర్ వైపు ఎండ 43 డిగ్రీలని రేడియోలో వింటాం. అదే రోజు జ్వరమొచ్చిన తమ్ముడికి నర్సమ్మ థర్మామీటర్ పెట్టి "102 ఉంది" అంటుంది. మరి తమ్ముడి ఒళ్లు ఎండకన్నా రెండింతలు వేడిగా ఉన్నట్టా? కాదు. ఎండను చెప్పేది సెల్సియస్‌లో, జ్వరాన్ని చెప్పేది ఫారన్‌హీట్‌లో. రెండింటినీ ఒకే స్కేలులోకి మార్చాకే పోల్చాలి.

ఫారన్‌హీట్ తన స్కేలును 1724లో, సెల్సియస్ 1742లో ప్రకటించారు. తమాషా ఏమిటంటే, సెల్సియస్ మొదట నీరు మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100 పెట్టాడు! తర్వాత దాన్ని తిరగేశారు. ఇప్పుడు నీరు గడ్డకట్టేది 0 డిగ్రీల సెల్సియస్ లేదా 32 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, మరిగేది 100 లేదా 212 దగ్గర. అంటే ఇక్కడి 100 భాగాలు అక్కడ 180 భాగాలు. 180ని 100తో భాగిస్తే 9/5. సూత్రం పుట్టింది ఇక్కడే, బట్టీ పట్టనక్కర లేదు.

తమ్ముడి జ్వరం: 102 – 32 = 70. 70 × 5/9 = 38.9 డిగ్రీల సెల్సియస్.

ఎండ: 43 × 9/5 = 77.4. దీనికి 32 కలిపితే 109.4 డిగ్రీల ఫారన్‌హీట్.

నోటిలెక్కకు ఒక ఉపాయం. 43ను రెట్టింపు చేస్తే 86. అందులో పదో వంతు 8.6 తీసేస్తే 77.4. ఇక 32 కలపడమే.

చూశారా, తమ్ముడి జ్వరంకన్నా బయటి గాలే ఎక్కువ వేడి! పైగా రేడియో చెప్పేది నీడలో కొలిచిన లెక్క. మన ఒంటి వేడి సుమారు 37 సెల్సియస్. గాలి అంతకు మించితే ఒళ్లు చల్లబడే దారి చెమట ఒక్కటే. చెమటకు నీళ్లు కావాలి. మట్టిపనికి వెళ్లే అమ్మానాన్నలకు ఈ సంగతి చెప్పండి. ఒంటి వేడి 104 ఫారన్‌హీట్, అంటే 40 సెల్సియస్ చేరి, మనిషి తికమకగా మాట్లాడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

పరీక్షలో చాలామంది పొరబడేది ఒకచోట. "రాత్రికి ఉష్ణోగ్రత 10 సెల్సియస్ డిగ్రీలు తగ్గింది. ఫారన్‌హీట్‌లో ఎంత తగ్గినట్టు?" అని అడిగితే జవాబు 18, 50 కాదు. తేడాను మార్చేటప్పుడు 32 కలపకూడదు.

అభ్యాసం: మైనస్ 40 డిగ్రీల సెల్సియస్‌ను ఫారన్‌హీట్‌లోకి మార్చండి. వచ్చిన జవాబు చూసి లెక్క తప్పిందని కొట్టేయకండి!