బొమ్మ కారుకు చాలని సెల్లు గడియారానికి ఎలా చాలుతుంది?

ప్రశ్న: బొమ్మ కారులో ఆగిపోయిన పెన్సిల్ సెల్లు గోడ గడియారంలో నెలల తరబడి నడుస్తోంది. కారణమేమిటి?

జవాబు: సెల్లులో మొత్తం ఎంత విద్యుదావేశం ఉందన్నదీ, అది ఒక్కసారిగా ఎంత ప్రవాహాన్ని ఇవ్వగలదన్నదీ వేర్వేరు విషయాలు. మొదటిదాన్ని సామర్థ్యం అంటారు. మిల్లీ ఆంపియర్-గంటల్లో కొలుస్తారు. 2000 మిల్లీ ఆంపియర్-గంటల ఆల్కలైన్ సెల్లు 20 మిల్లీ ఆంపియర్ల చొప్పున దాదాపు 100 గంటలు పనిచేస్తుంది గాని, 2 ఆంపియర్ల చొప్పున గంటసేపు పనిచేస్తుందనుకోవడం పొరపాటు. ఒక్కసారిగా ఇవ్వగల ప్రవాహానికి హద్దు గీసేది అంతర్నిరోధం, అంటే సెల్లులోని పదార్థాలే ప్రవాహానికి కలిగించే అడ్డంకి. సెల్లు అరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. అంతర్నిరోధం 1 ఓమ్‌కు చేరిన సెల్లు నుంచి మోటారు అర ఆంపియరు లాగితే, అర వోల్టు లోపలే ఖర్చయిపోయి, విడిగా 1.3 వోల్టులు చూపిన సెల్లు మోటారుకు 0.8 వోల్టులే అందిస్తుంది. క్వార్ట్జ్ గడియారానికి సగటున మిల్లీ ఆంపియరులో చిన్న భాగం చాలు కనుక అక్కడ ఆ నష్టం లెక్కలోకి రాదు. మల్టీమీటరులో కనిపించే వోల్టేజీని మాత్రమే నమ్మి సెల్లు బాగుందనడం అందుకే తొందరపాటు. చవకైన జింకు-కార్బన్ సెల్లు గడియారానికి సరిపోతుంది. మోటారుకు ఆల్కలైన్ లేదా నికెల్ మెటల్ హైడ్రైడ్ రకమే తగినది. గడియారం ఆగిన వెంటనే పాత సెల్లు తీసివేయాలి. లేకుంటే అది కారి లోపలి రేకులను తినేస్తుంది.