పై తరగతులలో అర్థశాస్త్ర పఠనము

పదవ తరగతి ఫలితములు వెలువడిన మరునాటినుండి మన ఇండ్లలో ఒకటే చర్చ. మార్కులు హెచ్చుగా వచ్చినచో విజ్ఞానశాస్త్రములు. మధ్యరకముగా వచ్చినచో వాణిజ్యము. రెండును కుదరనిచో, "పోనీ, అర్థశాస్త్రము తీసికో" అనుట. ఎవరికిని అక్కరలేక మిగిలినదని ఇంటివారే చెప్పిన శాస్త్రమును పిల్లవాడు శ్రద్ధతో ఎట్లు చదువును? కావున అందు నిజముగా ఏమి నేర్పుదురో తల్లిదండ్రుల యెదుట ఉంచదలచితిమి.

సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమమున పదకొండవ తరగతిలో గణాంకశాస్త్రమును సూక్ష్మ అర్థశాస్త్రమును, పండ్రెండవ తరగతిలో స్థూల అర్థశాస్త్రమును భారత ఆర్థికాభివృద్ధిని బోధింతురు. వ్రాతపరీక్షకు 80 మార్కులు, ప్రాజెక్టు పనికి 20. సూక్ష్మమనగా ఒక కుటుంబము, ఒక అంగడి, ఒక సంత, స్థూలమనగా దేశమంతయు. పేర్లకు భయపడ పనిలేదు.

బెళ్ళందూరు వాసులకు సూక్ష్మ అర్థశాస్త్రము నీళ్ళ ట్యాంకరులోనే కలదు. 2024 వేసవి ఆరంభమున బోరుబావులు ఎండి ట్యాంకరు వెల నానాటికి పెరుగగా, మార్చి నెలలో బెంగళూరు జిల్లా అధికారులు ధరలు కట్టిరి: అయిదు కిలోమీటర్ల లోపల 6,000 లీటర్లకు 600 రూపాయలు, 12,000 లీటర్లకు 1,000 రూపాయలు. ఇదియే గ్రంథములలోని 'గరిష్ఠ ధర' పాఠము. గిరాకి తగ్గలేదు, భూమిలో నీరు పెరుగలేదు. ధర మాత్రము తగ్గవలెననిన ఏమగును? కొనగోరువారు హెచ్చుదురు, అమ్మజూపువారు తగ్గుదురు అని శాస్త్రము చెప్పును. అప్పుడు నీరు ఎవరి ఇంటికి ముందు చేరవలెనో వరుసయో, పరిచయమో, చాటున ఇచ్చు పైడబ్బో నిర్ణయించును. అట్లని ధర కట్టుట తప్పని వెంటనే తేల్చరాదు. వెల హెచ్చినదని మానుకొనుటకు నీరు మామిడిపండు కాదు గదా! ఈ రెండు పక్షములను రేఖాపటముపై గీచి, తూచి, తన తీర్పును రెండు పుటలలో వ్రాయగల విద్యార్థికి ఆ అధ్యాయమును కంఠస్థము చేయవలసిన అగత్యము లేదు.

స్థూల అర్థశాస్త్రమునకు మన చెరువున్నది. సుమారు 900 ఎకరముల ఈ చెరువు ఒకప్పుడు వరిపొలములకు నీరిచ్చెడిది. నగరపు మురుగు వచ్చి చేరగా నురుగు కట్టినది. 2015లోను, 2017లోను, 2018లోను చెరువు ప్రాంతమున మంటలు సైతము రేగినవి. బట్టల సబ్బుపొడి అమ్మకము జాతీయాదాయ గణనలో చేరును. ఆ నురుగువలన గట్టున నివసించువారు పీల్చు దుర్గంధము ఎచ్చటను తీసివేయబడదు. పైగా చెరువును శుభ్రపరచుటకు ప్రభుత్వము పెట్టు ఖర్చు కూడ ఆ గణనలోనే కూడబడును! ఈ లోపమును పండ్రెండవ తరగతిలో 'బాహ్య ప్రభావములు' అను పేర చదువుదురు. మీ బిడ్డతో ఒక సాయంకాలము చెరువుగట్టుకు నడచి, దీని ఖర్చు ఎవరు భరింపవలెనని అడిగి చూడుడు.

ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. గణితమును తప్పించుకొనుటకై అర్థశాస్త్రమున చేరుట పెద్ద పొరపాటు. ఉదాహరణకు, ఢిల్లీ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్ర ఆనర్సులో చేరుటకు గణితము తప్పనిసరి. పదకొండవ తరగతిలో సులువని విడిచినది రెండేండ్ల తరువాత దారికి అడ్డు నిలుచును. ఈ రెండు విషయములు కలిపి చదువు వీలున్నదా యని చేర్చునాడే విచారింపుడు.

ఆంగ్లమున చదువు పిల్లలకు ఇంటిలో తెలుగు ఎట్లు తోడ్పడునని కొందరి సందేహము. మైసూరు మహారాజా కళాశాలలో పనిచేసి, ఆ సంస్థాన విద్యాశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలుగా నుండిన కట్టమంచి రామలింగారెడ్డిగారే అర్థశాస్త్రముపై తెలుగున గ్రంథము రచించిరి. అంతటి పాండిత్యము మనకు అక్కరలేదు. 'డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ' అని వల్లెవేయుచు బోధపడక కూర్చున్న బిడ్డకు దానిని 'క్షీణోపాంత ప్రయోజనము' అని తర్జుమా చేసి చెప్పనైనను పనిలేదు. ఉగాదినాడు నాలుగవ బొబ్బట్టు మొదటిదానివలె ఎందుకు రుచింపలేదో అమ్మ అడిగిన చాలును.